చచ్చిపోయినవాడి పాస్‌పోర్టు

ఆనకట్ట తలుపులెత్తి వోల్టా నది నీళ్ళు మా ఇళ్ళ మీదికి వదిలిన ఏడాదికి మరుసటి ఏడు ఇది జరిగింది. మా వైపు ఇప్పుడు ఏ సంగతి చెప్పినా ఆ నీళ్ళకు ముందో వెనకో అనే చెబుతాం. ఆ నీళ్ళలో నా ఇల్లు పోయింది, ఉలులు పోయాయి, ఉన్న కాగితాలన్నీ పోయాయి. నేను పడవలు బాగుచేసేవాడిని. పేరు ఆట్సు జొకోటో. మా ఎవే జనంలో కవలల్లో ముందు పుట్టినవాడు ఆట్సు, వెనక పుట్టినవాడు ఎట్సే. అది తల్లిదండ్రులు ఆలోచించి పెట్టే పేరు కాదు. పుట్టిన వరసే పేరు.

నా తమ్ముడు ఎట్సే నలభై ఏళ్ళ కిందట జర్మనీ వెళ్ళాడు. హాంబర్గు రేవులో మూటలు దింపాడు. పెళ్ళాడాడు, కూతుర్ని కన్నాడు. ఈ చెప్పే రోజుకి పన్నెండు రోజుల కిందట అక్కడే పోయాడు. ఆ వచ్చే శుక్రవారం అక్కడే పూడ్చాలి. కవల పోతే వాడి తలవెంట్రుకలూ గోళ్ళూ మిగిలిన కవలే తీయాలి. తెచ్చి, పుట్టిన ఇంటి నేలలో పెట్టాలి. వేరే చెయ్యి పడితే పోయినవాడు దారి తప్పుతాడు, తప్పి మిగిలినవాణ్ణి పిలుస్తాడు. అందుకే వీసా కోసం రాజధాని అక్రా వచ్చాను.

పోయిన వారం ఈ కథ చెబుతూ నేను ఆపింది వీసా కార్యాలయం ఎదుట, డేలా గొడుగు కింద. డేలా రోడ్డు పక్కన బల్ల వేసుకుని దరఖాస్తులు నింపే మనిషి. ఒక చేతిలో నా పాస్‌పోర్టు, ఒక చేతిలో హాంబర్గు నుంచి నా తమ్ముడి కూతురు ఎన్యోనం రాసిన పిలుపు ఉత్తరం పట్టుకుని, రెండింటినీ మార్చి మార్చి చూస్తోంది.

"పెద్దాయనా, ఈ ఉత్తరంలో ఏముందో తెలుసా?"

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా పేరు కనిపిస్తే గుర్తుపడతాను. ఉత్తరంలో నా పేరు కనిపించింది. చూపు తిప్పుకున్నాను.

"మా నాన్న ఆట్సు చనిపోయాడు, ఆయన కవల ఎట్సేకి వీసా ఇవ్వండి అని రాసింది ఆ పిల్ల. పాస్‌పోర్టులో చూస్తే నువ్వే ఆట్సువి. మరి చచ్చిందెవరు, నా బల్ల ముందు కూర్చుందెవరు?"

"లోపల ఇచ్చేస్తాను, ఇటివ్వు," అన్నాను.

"అట్లా ఎట్లా ఇస్తావు? పేరు కలవకపోతే బయటికి తోసేస్తారు. ఆ పిల్లకి ఫోన్ చేసి ఇంకో ఉత్తరం రాయమను."

"టైమైంది."

డేలా నా మొహంలోకి చూసింది. ఈ రోడ్డు మీద పదిహేనేళ్ళుగా అబద్ధాలు వరసగా అమర్చి ఇస్తున్న మనిషి. ఎక్కడ అతుకుందో కనిపెట్టకుండా ఉంటుందా. అయినా కాగితాలన్నీ సంచిలో సర్దింది. చివర్న ఒక ఫొటో పెట్టింది. సగం బాగుచేసిన పడవ ఫొటో.

"తిరిగి వస్తావని రుజువేంటి అని అడుగుతారు. పెళ్ళాం లేదు, ఉద్యోగం లేదు, బ్యాంకులో ఏమీ లేదు. నీకున్నది ఈ పడవే. అది చూపించు."

గేటు దగ్గర కావలివాడు జేబుల్లోవన్నీ బల్ల మీద పెట్టమన్నాడు. తువ్వాలు పెట్టాను, ఫోను పెట్టాను, కొయ్యబొమ్మ పెట్టాను. జానెడు బొమ్మ. కవల పోయినవాళ్ళింట్లో ఉండేదే. చేతులూ కాళ్ళూ చెక్కాను, మొహం ఇంకా చెక్కలేదు.

"ఇదేంటి?"

"తమ్ముడు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా వైపు మనిషే కాబోలు. కాస్త ఆలోచించి, "తమ్ముణ్ణి లోపలికి పంపడం కుదరదు. ఆయనకి అపాయింట్‌మెంటు లేదు," అన్నాడు.

వెనక్కి వెళ్ళి బొమ్మను డేలాకి ఇచ్చాను. "ఇటివ్వు. నీకంటే ఈయనే నయం, అడిగితే ఏదో ఒకటి చెప్పేట్టున్నాడు," అని బల్ల మీద సిరాబుడ్డి పక్కన నిలబెట్టింది.

లోపల చలి. పైన గుండ్రటి గడియారం. నా పక్కన ఒకావిడ జవాబులు జపం చేసుకుంటోంది. "పద్నాలుగు రోజులు, మా అక్క ఇంట్లో. పద్నాలుగు రోజులు, మా అక్క ఇంట్లో." ఆవిణ్ణి పిలిచారు. వెళ్ళింది, వచ్చింది, నాకేసి చూడకుండా పోయింది. నాకు కూర్చోవడం చాతకాలేదు. లేచి నిలబడితే కూర్చోమన్నారు. చేతుల్లో ఉలి లేకపోతే నా చేతులకి తోచదు. బెంచీ అంచు తడిమాను. మేకు పైకి తేలి ఉంది. బొటనవేలితో లోపలికి నొక్కుతూ కూర్చున్నాను.

నా నంబరు పిలిచారు.

వేళ్ళు గాజు మీద పెట్టమన్నారు. పెట్టాను. యంత్రం ఒప్పుకోలేదు. తుడిచి మళ్ళీ పెట్టమన్నారు. నలభై ఏళ్ళు చిత్రిక పట్టిన వేళ్ళు, పలకలాగా నునుపైపోయాయి. నాలుగోసారికి ఏదో పట్టుకుంది.

తరవాత అద్దం కిటికీ. అద్దం వెనక ఒక అమ్మాయి. ముప్ఫై ఉంటాయేమో. మెడలో వేలాడే అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివాను, సిట్సోఫే. ఎవే పేరు. అది చూసి స్థిమితపడ్డాను. పడకూడదని తరవాత తెలిసింది.

"ఎందుకెళ్తున్నారు తాతా?"

"వెంట్రుకలకి."

ఆమె చేతులు మీటల మీద ఆగాయి. "మళ్ళీ చెప్పండి."

"తమ్ముడు పోయాడు. వెంట్రుకలూ గోళ్ళూ తేవాలి."

"అంత్యక్రియలు," అని తనలో తను అనుకుని కొట్టింది. "ఎన్నాళ్ళుంటారు?"

"కత్తెర పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"రోజుల్లో చెప్పాలి తాతా."

"మూడు."

"అక్కడే ఉండిపోరని నమ్మకమేంటి? చాలామంది ఇట్లాగే చెప్పి వెళ్ళారు, రాలేదు."

పడవ ఫొటో అద్దం కింద సందులోంచి తోశాను.

"ఇది మీదా?"

"క్వాజోది. అడుగు మార్చాలి. సగమైంది."

"ఎప్పటికిస్తానన్నారు?"

"వానలు ముదిరేలోపు."

"మరి మీరు జర్మనీ వెళ్తానంటే ఆయనేమన్నాడు?"

"మా అమ్మను తిట్టాడు."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఈ వారం నేను చూసిన రుజువుల్లో ఇదే మంచిది," అంది. నాకూ పని అయిపోయినట్టే అనిపించింది. శుక్రవారానికి అక్కడుంటాను, చల్లటి గదిలో వాడి చెయ్యి నా చేతిలోకి తీసుకుంటాను, బొటనవేలి గోరుతో మొదలుపెడతాను అనుకున్నాను.

అప్పుడు ఆమె ఉత్తరం తీసింది.

చదివింది. పాస్‌పోర్టు చూసింది. మళ్ళీ ఉత్తరం చదివింది. లేచి లోపలికి వెళ్ళింది. గడియారం ముల్లు నాలుగు గీతలు కదిలింది. ఆరు కదిలింది. నేను రెండు చెప్పులూ విప్పి మళ్ళీ తొడుక్కున్నాను. ఆమె ఒక కాగితం పట్టుకుని వచ్చింది. కూర్చుని, అద్దానికి ఉన్న మైకు ఆపేసింది. అద్దం కింది సందు దగ్గరికి వంగి మెల్లగా మాట్లాడింది.

"తాతా, మీరెవరు?"

"ఆట్సు."

"హాంబర్గులో పోయిన మనిషి పేరు ఆట్సు జొకోటో. పుట్టిన ఊరు మీదే. పుట్టిన రోజు మీదే. అమ్మ పేరు, నాన్న పేరు మీవే. నలభై ఏళ్ళుగా అక్కడున్నాడు, ఆ దేశపు పౌరుడు. మా దగ్గర లెక్క ప్రకారం మీరు పన్నెండు రోజుల కిందట చచ్చిపోయారు."

బొటనవేలితో కిటికీ చెక్క అంచు తడిమాను.

"కవలలం, గుమాస్తా పేరు పొరపాటున రాశాడు అంటారు. అంటారని నాకు తెలుసు. మా పెద్దసారు తెల్లాయన, ఆయనైతే నమ్ముతాడు కూడా. కానీ మీరిందాక ఏమన్నారు? తమ్ముడు పోయాడన్నారు. పోయినవాడి పేరు ఆట్సు. ఆట్సు ఎక్కడైనా తమ్ముడవుతాడా? నేనూ ఎవే పిల్లనే తాతా. మా మేనమామలు కవలలు."

మా వాళ్ళు తప్ప ఇంకెవరూ పట్టుకోలేని తప్పు. నోరు తెరిస్తే పొరపాటవుతుందని బతుకంతా మూసుకున్నాను. ఒక్క మాట ఎక్కువ మాట్లాడాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. కార్చిచ్చులు రేగి మొక్కజొన్న చేలన్నీ కాలిపోయిన కరువు ఏడు అది. ఇంట్లో తినడానికి పచ్చి బొప్పాయి తప్ప లేదు. ఓడలో పనికి ఒక మనిషికి చోటుందని కబురొచ్చింది. పాదిరిగారి దగ్గర బాప్టిజం చీటీ నాకొక్కడికే ఉంది. ఎట్సేకి జ్వరం వచ్చి వాడి వంతు తప్పిపోయింది. అందుకని పాస్‌పోర్టు నా పేర తీశారు. ఫొటో నాది. పాస్‌పోర్టు గుమాస్తా నా గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో కింద ఏదో ఒక వరస రాశాడు. ఏం రాశావని నేనడగలేదు. ఓడ బయల్దేరడానికి ఇంకో మూడు రోజులుందనగా బాడిసె జారి నా పాదం మీద పడింది. ఎముక కనిపించింది. ఓడ ఆగదు. అమ్మ ఆ పుస్తకం తీసి ఎట్సే జేబులో పెట్టింది. "మీ ఇద్దరూ ఒకటే. ఎవరు తిన్నా రెండో కడుపు నిండుతుంది," అంది. కవలల్లో ఒకరికిచ్చింది రెండోవాడికీ ఇవ్వకపోతే అది నిలవదని నమ్మే మనిషి. గుడ్డును దారంతో సగానికి కోసి పెట్టేది. పాస్‌పోర్టును కొయ్యలేకపోయింది.

అట్లా వాడు నేనై వెళ్ళాడు. నేనుగానే ఉండిపోయాడు. కూతురికి కూడా నేనుగానే తెలుసు. ఆ పిల్ల నన్ను ఎట్సే చిన్నాన్నా అని పిలుస్తుంది. ముందు పుట్టినవాణ్ణి నేను. ముప్ఫై ఏళ్ళుగా చిన్నాన్నా అంటే పలుకుతున్నాను.

"తాతా," అంది సిట్సోఫే. "రెండే దారులు. మీరు ఆట్సు అయితే, అక్కడ పడుకున్నాయన అబద్ధపు పేరుతో బతికాడు. ఆయన కాగితాలన్నీ మళ్ళీ తిరగేస్తారు. ఆయన్ను చూసి ఆయన భార్యకి, కూతురికి ఏమేం ఇచ్చారో అవి కూడా తిరగేస్తారు. ఏమవుతుందో నాకు తెలీదు. అబద్ధం చెప్పను, నిజంగా తెలీదు. మీరు ఎట్సే అయితే, ఈ పాస్‌పోర్టు దొంగది. వీసా రాదు సరికదా, మన పోలీసులకి రాయాలి."

"శుక్రవారం పూడుస్తారు."

"తెలుసు."

"నేను తీయాలి. వెంట్రుకలు."

"తెలుసు తాతా." ఆమె నా పాస్‌పోర్టు తన సొరుగులో పెట్టింది. "ఆయన మొదట వెళ్ళిన పాత పాస్‌పోర్టు నకలు హాంబర్గు నుంచి రేపు పొద్దున వస్తుంది. ఎనిమిదింటికి మీరూ రండి, మీరెవరో సంతకం పెట్టి చెప్పండి. మీరు రాకపోతే మిమ్మల్ని కాదు, అక్కడ ఆ అమ్మాయిని అడుగుతారు."

బయట ఎండ మొహం మీద కొట్టింది. డేలా బల్ల మీద నా బొమ్మ ముందు ఒక చిన్న మూత నిండా టీ ఉంది.

"మీ తమ్ముడు బెరుకు లేకుండా తాగాడు," అంది. "ఏమైంది?"

"రేపు రమ్మన్నారు."

"అంతేనా? గంటన్నర లోపల కూర్చుని అంతేనా తెచ్చావు?"

సగం చెప్పాను. మిగతా సగం ఆమే చెప్పేసింది. కెంకే పొట్లం విప్పి నా వైపు జరిపి, ఆ మొక్కజొన్న ముద్దలో తనూ కాస్త తుంచుకుంది.

"ఇంత గొడవెందుకు? ఆ పిల్లనే కత్తిరించి పోస్టులో పంపమను."

"జుట్టు పోస్టులో వస్తుందా?"

"ఎందుకు రాదు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ నెత్తి మీదున్నదంతా ఎట్లా వచ్చిందనుకున్నావు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వడం తప్పనిపించి ఆపుకున్నాను. డేలా ఆపుకోలేదు. ఆ నవ్వులోనే ఫోను మోగింది. ఎన్యోనం.

"చిన్నాన్నా, వీసా ఇచ్చారా?"

"చూస్తున్నారు."

"నాన్నకి తెల్ల చొక్కా తొడిగారు. నిన్న చూసొచ్చాను. గోళ్ళు పెరిగినట్టున్నాయి చిన్నాన్నా. నేను ముట్టుకోలేదు, మీరు వద్దన్నారని."

"మంచి పని చేశావు."

"అమ్మకి పింఛను కాగితాలొచ్చాయి. అమ్మ చూడనంటోంది. ప్రతి కాగితం మీదా నాన్న పేరు పెద్ద అక్షరాల్లో ఉందని. ఆట్సు జొకోటో, ఆట్సు జొకోటో. అట్లా చూస్తుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే ఉందట." ముక్కు చీదింది. "మీరు వస్తే ఆ పేరు గట్టిగా పిలవండి చిన్నాన్నా. మేం పిలిస్తే మీ ఊరి యాస రాదు."

"సరే," అన్నాను.

ఫోను పెట్టేశాక కెంకే తినలేకపోయాను. డేలా పొట్లం మళ్ళీ చుట్టి నా సంచిలో పెట్టింది. "పెద్దాయనా, నేను రోజూ జనాన్ని లోపలికి పంపడానికి రాస్తాను. వెళ్ళకుండా ఇంట్లో కూర్చోబెట్టడానికి ఎట్లా రాయాలో నాకు రాదు," అంది.

ఆ సాయంత్రం బస్సుల స్టేషను చుట్టూ తిరిగాను. ఎన్నిసార్లు తిరిగానో తెలీదు. మా ఊరి బస్సు కండక్టరు రెండుసార్లు పిలిచాడు, "ఎక్కుతావా తాతా, మానతావా, ఒకటి చెప్పు," అన్నాడు. మొహం లేని బొమ్మను జేబులో తిప్పుతూ నడిచాను. వాడి మొహం చెక్కాలంటే అద్దంలో నా మొహం చూసుకుంటే చాలు. అది ఎప్పుడూ తెలిసిందే. ఆ సాయంత్రం మాత్రం ఇంకో మాట తోచింది. మొహం ఒకటే అయితే జుట్టు మాత్రం ఎవరిది? వాడిదీ తెల్లబడింది, నాదీ తెల్లబడింది. వాడు నా పేరు పట్టుకెళ్ళి నలభై ఏళ్ళు బతికాడు. నా జుట్టు పట్టుకుని ఇంటి నేలలోకి పోలేడా? అమ్మ ఉంటే గుడ్డును కోసినట్టు కోసేది.

మర్నాడు ఆరింటికి స్టేషను గోడ పక్కన మంగలి కుర్చీ వేశాడు. మొదటి బేరం నేనే. సంచిలోంచి తెల్లగుడ్డ తీసి ఒళ్ళో పరిచాను.

"ఎంత తీయమంటావు తాతా?"

"అంతా."

"చావా?"

"కవల."

అతను కత్తి నూరుకున్నాడు. వెంట్రుకలు గుడ్డ మీద పడ్డాయి. ఒక్కటి కింద పడనివ్వలేదు. ఎడమ పక్కకి వచ్చేసరికి కత్తి ఆపాడు.

"చెవి పైన ఇంత మచ్చేంటి? తరవాత నా కత్తి జారిందంటావు."

"పాతది. చిన్నప్పుడు పడవ తగిలింది."

"జుట్టు కింద ఎన్నేళ్ళు దాచావు," అని నవ్వి, దాని చుట్టూ జాగ్రత్తగా గీశాడు. గోళ్ళు నేనే తీసుకున్నాను. పదీ గుడ్డలో వేసి, మూడు ముళ్ళు వేశాను. ఆ మూట చొక్కా లోపల పెట్టుకుని, బొమ్మను డేలా బల్ల మీద వదిలి, ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా లోపలికి వెళ్ళాను.

సిట్సోఫే నా బోడితల చూసి తల వంచుకుంది. మా పిల్లే. అర్థమైంది ఆమెకి.

"చెప్పండి తాతా."

"నేను ఎట్సేని. పోయినవాడు మా అన్న ఆట్సు. నీళ్ళలో నా కాగితాలు పోతే వాడి పేరుతో ఈ పాస్‌పోర్టు తీయించాను. దొంగతనం నాది. ఎక్కడ సంతకం పెట్టాలి?"

నా బతుకులో ఒక్క దమ్మున అంత మాట్లాడింది లేదు. ఆమె కాగితం సందులోంచి తోసింది. కలం తీసుకున్నాను. ఎట్సే అని రాయడం చేతకాక, మొదటి అక్షరం గీస్తూ ఉండగా ఆమె వెనక యంత్రంలోంచి ఒక కాగితం మెల్లగా బయటికి వచ్చింది.

ఆమె దాన్ని అందుకుంది. పాత పాస్‌పోర్టు నకలు. నలభై ఏళ్ళ కిందటి నా మొహం, అద్దం ఇవతల నుంచి కూడా కనిపిస్తోంది. ఆమె ఫొటో చూడలేదు. ఫొటో కింద, చేత్తో రాసిన ఒక వరస మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తరవాత తలెత్తి, నా కళ్ళలోకి కాక, నా ఎడమ చెవి పైకి చూసింది.

"ఆ కలం కింద పెట్టండి తాతా," అంది. "తల కాస్త ఇటు తిప్పండి."

అప్పుడు తెలిసింది, ఆనాడు ఆ గుమాస్తాని నేనడగని వరసలో ఏముందో.